పబ్లిక్కా, ప్రైవేటా

పదకొండు దాటింది. చిన్నది ఎప్పుడో పడుకుంది, ఆయన కూడా. నాకే నిద్ర రావట్లేదు. రేపు పదకొండో తారీఖు కదా, నెల అమ్మకాల లెక్క ప్రభుత్వానికి పంపే జీఎస్టీఆర్‌-1 టెన్షన్ అనుకుంటారేమో. కాదు. అది మధ్యాహ్నం మూడు తర్వాత కూర్చుని ముప్పాతిక వంతు లాగేశాను. ఇది వేరే.

ముందు మా షాపు యజమాని, అదే సార్ మీద కోపం కక్కేస్తాను, ఆ తర్వాత మిగతాది.

పొద్దున తొమ్మిదిన్నరకి నా సిస్టమ్ ఆన్ చేస్తే, మేము లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ వచ్చింది, మా కర్నూలు షాపు లెక్కలు మాత్రం రాలేదు. పైగా ఎడ్యుకేషనల్ మోడ్ అని చూపిస్తోంది. టాలీతో బతికేవాళ్ళకి ఆ మాట చూస్తే కడుపులో ఎట్లా తిప్పుతుందో తెలుసు. అది నేర్చుకునే పిల్లల కోసం పెట్టిన మోడ్, అందులో నెలలో 1, 2, 31 తారీఖుల్లోనే ఎంట్రీ వేయనిస్తుంది. ఇవాళ పదో తారీఖు. కౌంటర్ దగ్గర ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు. ఒకాయనది అలంపూర్ వైపు, బోరు మోటారు కొన్నాడు, ఆటో కూడా మాట్లాడుకుని వచ్చాడు. సరుకు తుంగభద్ర అవతలికి, అంటే తెలంగాణకి పంపితే రాష్ట్రాల మధ్య పన్ను ఐజీఎస్టీ, ఇవతల మన ఆంధ్రాలోనే దింపితే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ. టాలీలో అయితే రాష్ట్రం సరిగ్గా ఎక్కిస్తే అదే చూసుకుంటుంది. చేతిబిల్లు రాస్తే సాయంత్రం మళ్ళీ నేనే ఎక్కించాలి.

మా షాపులో సర్వర్ అని పిలిచేది సర్వర్ ఏమీ కాదు. సార్ టేబుల్ మీదున్న మామూలు సిస్టమ్, మెయిన్ సిస్టమ్ అంటాం. లెక్కలున్న ఫోల్డర్ అందులో ఉంటుంది, దాన్ని షేర్ చేసి పెట్టుకున్నాం. నాది, బిల్లింగ్ కౌంటర్‌ది, గోడౌన్‌ది మూడూ అక్కడికి వెళ్ళే తెరుస్తాయి. లైసెన్సు కూడా ఆ సిస్టమ్ దగ్గర నుంచే అందుతుంది. అందుకే అది పలక్కపోతే మేము ముగ్గురం ఒక్క దెబ్బకి మళ్ళీ ట్రైనింగ్ పిల్లలం అయిపోతాం.

సార్‌కి చెప్పాను. ఆయన తన సిస్టమ్ దగ్గరికి వచ్చి, మౌస్ రెండుసార్లు కదిపి, "నాకు బాగానే వస్తోంది కదమ్మా" అన్నారు.

వస్తుంది సార్. లెక్కలు మీ సిస్టమ్‌లోనే ఉంటే మీకు రాక ఎవరికి వస్తుంది? వంటింట్లో కూర్చున్నవాడు "నాకు అన్నం దొరుకుతోందే" అన్నట్టు. ఈ మాట పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు అన్నారు. నాలుగోసారి కస్టమర్ల వైపు తిరిగి, "మా అమ్మాయికి కంప్యూటర్ అంటే భయం" అని నవ్వారు. పదకొండేళ్ళు అక్కడ పనిచేస్తున్నా, నాకు కంప్యూటర్ అంటే భయమా!

సరే. నా సిస్టమ్‌లో ఆ లెక్కల ఫోల్డర్‌కి దారి జెడ్ డ్రైవ్, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు. మెయిన్ సిస్టమ్ మానిటర్ మీద రెండేళ్ళ కింద నేనే అంటించిన స్టిక్కర్ ఉంది, నెట్‌వర్క్‌లో దాని నంబరు 192.168.0.105 అని. ఆ నంబరుకి పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పిలిస్తే, జవాబు లేదు. మెయిన్ సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి చూస్తే ఇప్పుడు దాని నంబరు 192.168.1.4. అప్పుడు వెలిగింది. నిన్న సాయంత్రం ఇంటర్నెట్ వాళ్ళు వచ్చి రౌటర్ మార్చి వెళ్ళారు. పాత రౌటర్ సున్నా వీధిలో ఇంటి నంబర్లు ఇచ్చేది, కొత్తది ఒకటో వీధిలో ఇస్తోంది. నేను పాత చిరునామా పట్టుకుని తలుపు కొడుతున్నాను. మొదట్లోనే నంబరు బదులు సిస్టమ్ పేరుతో దారి పెట్టుకుని ఉంటే ఈ గోల కొంచెం తగ్గేది. అది నా తప్పే, ఒప్పుకుంటా. (ఈ టపాలో ఒప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది. వస్తున్నా.)

కొత్త నంబరు పెట్టాను. రాలేదు. పింగ్ కొడితే మళ్ళీ మౌనం.

ఇంక కేబుల్ అనుకున్నాను. రౌటర్ మా దగ్గర వెంకటేశ్వరస్వామి పటం పక్కన స్టాండ్ మీద ఉంటుంది, దాని మీద ఎప్పుడూ అగరబత్తి బూడిద. కుర్చీ ఎక్కి చూస్తే మెయిన్ సిస్టమ్ కేబుల్‌కి క్లిప్పు విరిగిపోయి ఉంది. ఎవరో రబ్బరు బ్యాండు చుట్టి పెట్టారు. రబ్బరు బ్యాండు ఎండిపోయి ముట్టుకుంటే తునిగింది. వెనక బల్లి గుడ్లు రెండు. కొంగు ముక్కుకి కట్టుకుని టేబుల్ కింద దూరి ఇంకో వైరు మార్చాను. పచ్చ లైటు టకటకా కొట్టుకుంటోంది. పింగ్ మాత్రం రాదు. పైనుంచి సార్ గొంతు: "నాకు బాగానే వస్తోంది కదమ్మా."

ఆ కోపంలో అన్నాను ఆ మాట. పొద్దున తొమ్మిది నుంచి మెయిన్ సిస్టమ్ మీద కొత్తబ్బాయి కూర్చుని పర్చేజ్ బిల్లులు ఎక్కిస్తున్నాడు. "నీకు తెలియని వాటిలో వేళ్ళు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను. కౌంటర్ ముందు, రైతుల ముందు, గోడౌన్ అన్న ముందు. వాడు, "నేనేం ముట్టుకోలేదక్కా" అన్నాడు. ఓర్వకల్లు నుంచి బస్సులో వచ్చే పిల్లోడు, ఇరవై కూడా నిండలేదు. ఇంకేం అనలేదు. లేచి నిలబడి, కుర్చీ నాకిచ్చి, పక్కకెళ్ళి పైపుల లెక్క చూసుకున్నాడు.

ఆ కుర్చీలో కూర్చుని సెట్టింగ్స్ తెరిస్తే కనిపించింది. నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంది. ప్రైవేట్ అని మార్చాను. పది సెకన్లలో మూడు సిస్టమ్‌లకీ టాలీ వచ్చేసింది, లైసెన్సు కూడా. బిల్లింగ్ కౌంటర్ నుంచి ప్రింటర్ గర్రుమని మొదలెట్టింది.

ఇది తెలియని వాళ్ళ కోసం. కొత్త రౌటర్ తగిలిస్తే విండోస్ దాన్ని కొత్త ఊరు కింద లెక్కేసుకుంటుంది. పబ్లిక్ అంటే బస్టాండులో ఉన్నట్టు, చుట్టూ తెలియని జనం. కాబట్టి ఫైర్‌వాల్ అనే కాపలా తలుపులు వేసేస్తుంది, ఫోల్డర్ అడిగినా ఇవ్వదు, పింగ్ కొట్టినా పలకదు. ప్రైవేట్ అంటే ఇల్లు, ఆఫీసు, మనవాళ్ళే. అందుకే అప్పుడు తలుపు తీస్తుంది. అంటే అందరికీ ఇవ్వాలంటే ప్రైవేట్ పెట్టాలి, ఎవరికీ ఇవ్వకూడదంటే పబ్లిక్ పెట్టాలి. ఈ పేర్లు పెట్టినవాళ్ళని ఒక్కరోజు మా షాపు కౌంటర్‌లో కూర్చోబెట్టాలి. మన దగ్గర పబ్లిక్ అంటే పది మందిదీ, ప్రైవేట్ అంటే నీది నువ్వు దాచుకునేది. ఎవరైనా తిరగేసే అర్థం చేసుకుంటారు.

సార్ అడిగారు, "ఎవరు మార్చారమ్మా అది?" అని. ఎవరూ మాట్లాడలేదు. గోడౌన్ అన్న కొత్తబ్బాయి వైపు చూశాడు. నేనూ చూశాను. "ఎవరో తెలియక నొక్కుంటారులెండి సార్" అన్నాను, పెద్దమనసు చేసుకుని క్షమించినట్టు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయన ఫోన్‌లో ఏదో యాప్ లొకేషన్ అడిగింది. ఆయన చూడకుండానే వద్దని నొక్కి, మజ్జిగ పోసుకున్నారు. "చదవకుండానే నొక్కేస్తారా" అన్నాను. అన్నాక మాట నోట్లోనే ఆగిపోయింది.

నిన్న సాయంత్రం ఆరున్నర. రౌటర్ మార్చిన మనిషి స్టూలు మీద నిలబడి "వస్తోందా మేడమ్?" అంటున్నాడు. మెయిన్ సిస్టమ్ ముందు ఉన్నది నేను. బయట మా ఆయన హారన్ మీద హారన్. స్క్రీన్‌కి కుడిపక్కన నీలం పలక ఒకటి జరిగి వచ్చింది, ఈ నెట్‌వర్క్‌లో మీ సిస్టమ్ ఇతరులకి కనపడొచ్చా అని. నేను నో నొక్కాను. నొక్కి, "వస్తోంది" అని చెప్పి, బ్యాగు తీసుకుని పరుగెత్తాను.

నాకు అప్పుడు ఇంకో వంక కూడా తట్టింది, రాయకుండా ఉండలేను. ముక్కూమొహం తెలియనివాళ్ళకి మీరు కనపడొచ్చా అని అడిగితే ఏ ఆడది ఎస్ నొక్కుతుంది?

వంక బాగానే ఉంది. ఆ కొత్తబ్బాయి ముఖం మాత్రం కళ్ళలోంచి పోవడం లేదు.

దీనికీ దానికీ సంబంధం ఏంటో తెలియదు గానీ, పదిన్నర నుంచి మా నాయన ఆవర్జాలు, అంటే ఖాతాల పుస్తకాలు, కళ్ళముందు తిరుగుతున్నాయి. 2009 అక్టోబరు 2, శుక్రవారం, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డ రోజు. ఆ కథ కర్నూలులో ఎవరినడిగినా చెప్తారు, నేను మళ్ళీ చెప్పను. నాయన పాతబస్తీలో ఒక కిరాణా హోల్‌సేల్ కొట్లో గుమస్తా. నీళ్ళు తీశాక కొట్టుకెళ్తే మోకాటి లోతు బురద. లెక్కల బీరువా కొయ్యది, నాని ఉబ్బి తలుపు రాలేదు, గడ్డపారతో పెకలించారు. లోపల చిట్టాలూ ఆవర్జాలూ నీళ్ళు తాగి ఒక్కోటి రెండింతలయ్యాయి. కుళ్ళిన బియ్యం వాసన. నాయన వాటిని గోనెసంచిలో మోసుకొచ్చి మా మేడ మీద విప్పారు. కూరగాయల కత్తితో కాగితానికీ కాగితానికీ మధ్య దూర్చి, నేను ఒక్కో ఆకూ విడదీస్తే, ఆయన దాని మీద గులకరాయి పెట్టేవారు. నేనప్పుడు బీకాం మొదటి సంవత్సరం. నేను చూసిన మొదటి అసలు అకౌంట్స్ అవి, ఎండలో, మేడంతా పరిచి.

రెండో గుమస్తా బాల్‌పెన్నుతో రాసేవాడు, ఆయన పేజీలు నిలబడ్డాయి. నాయనది ఇంకు పెన్ను, ఆ అక్షరాల మీద ఆయనకి గొప్ప. ఆ పేజీలన్నీ నీలం మరకలు. ముప్ఫై ఏళ్ళు చిట్టాలో చెరపకుండా, తప్పు పోతే ఒక్క గీత గీసి పక్కన పొట్టి సంతకం పెట్టిన మనిషి. చివరికి ఆ సంతకాలు కూడా మరకలే.

కొట్టు యజమాని కొత్త పుస్తకం ఇచ్చి, గుర్తున్నంత వరకు బాకీలు రాయమన్నాడు. నాయన రెండు రాత్రులు కూర్చుని రాశారు. మొదటి వరసలో ఆయన పేరే ఉంది. పండగకి తీసుకున్న అడ్వాన్సు, నాలుగు వేలు.

అమ్మ ఆ రోజు చేసిన గొడవ ఇప్పటికీ చెవుల్లో ఉంది. "గంగమ్మే తుడిచిపెట్టిన దాన్ని మళ్ళా రాసేదానికి నువ్వెవరు?" అని. మా ఇంట్లో ఆ నెల బియ్యం లేవు, అది నిజం. నేను అమ్మ పక్షం. ఇప్పుడైనా సగం అమ్మ పక్షమే. నాయన రాశారని ఆ యజమాని జీతం ఏం పెంచలేదు, పైగా మిగతా బాకీల మీద "ఇవన్నీ నిజమని ఏంటి నమ్మకం" అని అడిగాడు. నాయన తను పోయేదాకా ఆ మాట మర్చిపోలేదు.

ఇప్పుడు టాలీలో ఎడిట్ లాగ్ ఉంది. ఏ వోచర్ ఎవరు ఎప్పుడు మార్చారో పడిపోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకైతే అట్లాంటి సాఫ్ట్‌వేరే వాడాలని రూలు కూడా, మాది ఒకరి పేరు మీదున్న షాపు కాబట్టి అంటదు. అదున్నా నిన్నటి ఆ నీలం పలక మీద నొక్కిన వేలు టాలీలో ఎక్కడా పడదు. నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. ఇంత చిన్న సంగతి రేపటికి ఎవరికీ గుర్తుండదు కూడా. గంట క్రితం నేను ఇదే అనుకుని లైటు ఆపి పడుకున్నాను.

అవును, సార్ మీద కోపంతో మొదలుపెట్టాను కదా. ఆ మాట ఒక్కటి వెనక్కి తీసుకుంటున్నా. ఆయన నాలుగుసార్లు అన్నది అక్షరాలా నిజం. మెయిన్‌లో వస్తోంది, మిగతా మూడింట్లో రావడం లేదు అంటే తప్పు మెయిన్ తలుపు దగ్గరే అని నాకు మొదటిసారికే తట్టాలి. వైర్లు లాగక్కర్లేదు, బల్లి గుడ్లు చూడక్కర్లేదు. కంప్యూటర్ అంటే భయం అన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

సాయంత్రం వెళ్ళేముందు కొత్తబ్బాయి టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంటూ వచ్చాడు. "అక్కా, ఆ పబ్లిక్కు ప్రైవేటు ఎక్కడుంటదో నాకూ చూపియ్యండి. ఇంగోసారి వస్తే నేనే చూసుకుంటా" అన్నాడు. బస్సుకి టైమైందని, "రేపు చూపిస్తాలే" అన్నాను.

చూపించాలంటే ఆ నీలం పలక సంగతి కూడా చెప్పాలి, అది ఎప్పుడొస్తుంది, ఏం నొక్కాలి, మొన్న ఏం నొక్కారు అని. సార్ వచ్చేది పది గంటలకి, వాడు వచ్చేది తొమ్మిదికి. తొమ్మిదికే చెప్పేస్తే గంట టైముంటుంది, ఇద్దరి మధ్యే అయిపోతుంది. కానీ తిట్టింది అందరి ముందు కదా.

ఇంకా తేల్చుకోలేదు.