చింపుకున్న తండ్రి, కోసేసిన కొడుకు

యిర్మీయా 36వ అధ్యాయంలోని ఆ సంఘటన ఒక ఉపవాస దినాన జరిగింది. ప్రవక్త యిర్మీయా చెప్పగా రాసిన దేవుని మాటల గ్రంథపు చుట్టను రాజు కోసి కాల్చాడన్నది మనందరికీ గుర్తుంటుంది. ఆ రోజు యెరూషలేమంతా ఉపవాసంలో ఉందన్న సంగతి (9వ వచనం) మాత్రం చాలామంది దృష్టికి రాదు. యూదా పట్టణాల నుంచి జనం మందిరానికి తరలివచ్చారు. పైకి చూస్తే భక్తికి ఏ లోటూ లేదు. అదే రోజు యూదా రాజు యెహోయాకీము తన చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. రాజు పంపగా చుట్ట తెచ్చిన యెహూది మూడు నాలుగు పుటలు చదవగానే, రాజు చాకుతో ఆ మేరకు కోసి నిప్పుల్లో వేశాడు. చదవడం ఆగలేదు, కోయడమూ ఆగలేదు. చుట్ట మొత్తం అయిపోయేదాకా ఇదే వరుస.

ఎన్నిసార్లు చదివినా ఇక్కడే ఆగిపోతాను. ఆయన వినకుండా కాల్చలేదు, ప్రతి పుటా విన్నాకే కాల్చాడు. ఈ రోజుల్లో మనం రోజువారీ బైబిల్ పఠనానికి ఫోన్‌లో టిక్కు పెట్టుకునే లెక్కన చూస్తే, ఆ రోజు వంతు ఆయనా పూర్తి చేసినట్టే.

కొంచెం చిరాకుతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. బైబిల్‌లో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. 365 రోజులకు పంచితే రోజుకు మూడు నాలుగు వస్తాయి. ఇది మంచి అలవాటే, కాదనను. కానీ "ఈ ఏడాది ఒకసారి పూర్తయింది, మళ్లీ మొదలుపెట్టాను" అని చెప్పేవాళ్లను చూస్తుంటే, ఆ 1,189లో ఒక్కటైనా వీళ్లను ఎక్కడైనా ఆపిందా అని అడగాలనిపిస్తుంది. ఆదికాండము నుంచి ప్రకటన దాకా వెళ్లొచ్చిన మనిషి తోడల్లుడితో ఇంకా మాట్లాడడు, అన్నదమ్ముల వాటా ఇంకా ఇవ్వడు. చదివినదంతా ఎటు పోయినట్టు? మన ఇళ్లలో కుంపటి ఉండకపోవచ్చు, చాకు మాత్రం అందరి దగ్గరా ఉంది. మనకు తగిలే మాట రాగానే "ఇది ఆ కాలపు వాళ్లకు" అంటాం, లేదా "ఈ మాట ఫలానా ఆయన వినాల్సింది" అంటాం. అదీ కుదరకపోతే కళ్లు కింది వచనం మీదికి జారతాయి. ఆ మేరకు కోసినట్టే.

ఇక 24వ వచనం. రాజు గానీ, ఈ మాటలన్నీ విన్న ఆయన సేవకులు గానీ భయపడలేదు, తమ బట్టలు చింపుకోలేదు అని అక్కడ ఉంది. దుఃఖానికి, పశ్చాత్తాపానికి గుర్తుగా బట్టలు చింపుకోవడం ఆ కాలపు అలవాటు. ఎవరో ఏదో చేయలేదని గ్రంథం ప్రత్యేకంగా చెప్పిందంటే, అది చేసినవాడు ఒకడు ఇంతకుముందు ఉన్నాడన్నమాట. ఆయన ఈ రాజుగారి కన్నతండ్రి యోషీయానే.

రెండవ రాజులు 22వ అధ్యాయం పక్కనే తెరిచి పెట్టుకోండి. క్రీ.పూ. 622 ప్రాంతం. యోషీయా ఏలుబడిలో పద్దెనిమిదో ఏడు, మందిరానికి మరమ్మతులు జరుగుతున్నాయి. శాస్త్రి (అంటే లేఖికుడు) షాఫాను రాజు దగ్గరికి వచ్చి ముందు డబ్బు లెక్క అప్పజెప్పాడు. ఆ తర్వాతే, అదేదో చిన్న విషయమన్నట్టు, యాజకుడైన హిల్కీయా నాకొక గ్రంథం ఇచ్చాడని చెప్పి చదివాడు. అది మందిరంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథం. వింటూనే రాజు బట్టలు చింపుకున్నాడు.

అప్పటికి యోషీయా వయసు 26. ఆయన చెడ్డ రాజేమీ కాదు. ఏలుబడి ఎనిమిదో ఏటనే దావీదు దేవుణ్ణి వెదకడం మొదలుపెట్టాడు. పన్నెండో ఏట దేశంలోని ఉన్నతస్థలాలను (అన్య దేవతల పూజాస్థలాలను), విగ్రహాలను తీసివేయడం ఆరంభించాడు (రెండవ దినవృత్తాంతములు 34:3). అంటే బయటి శుభ్రత పని అప్పటికే మొదలైంది. ఆ స్థితిలో మనమైతే ఆ గ్రంథం విని "దేవునికి స్తోత్రం, మేము ముందే మొదలుపెట్టాం" అని సంతోషపడేవాళ్లం. దేశంలో అందరికంటే శుద్ధంగా ఉన్న మనిషే అందరికంటే ముందు బట్టలు చింపుకున్నాడు. మురికిలో ఉన్నవాడికి మురికి కనపడదు, కాస్త కడుక్కున్నవాడికే ఇంకా మిగిలినది కనిపిస్తుంది. అందుకే రోజూ చదువుతున్నకొద్దీ "నేను బాగుపడుతున్నాను" అనే ధీమా పెరుగుతుంటే నాకు అనుమానం. "దేవా, ఇది కూడా నాలో ఉందా" అనే మాట పెరుగుతుంటే అది సరైన దారి. "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అని అడిగినవాడు దేవుణ్ణి అప్పుడే కొత్తగా తెలుసుకున్నవాడు కాదు, దావీదు.

బట్టలు చింపుకుంటే చాలా అంటే, చాలదు. యోవేలు ప్రవక్త ఆ సంగతి స్పష్టంగానే చెప్పాడు, "మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని" అని. యోషీయా విషయంలో రెండూ జరిగాయి. హుల్దా ప్రవక్త్రి ద్వారా వచ్చిన మాటలో దేవుడు బట్టల కంటే ముందు ప్రస్తావించింది ఆయన మెత్తని మనసును.

మరి కొడుకు? ఇక్కడ వయసుల లెక్క ఒకటి వేసి చూడండి, నాకైతే మనసు కలుక్కుమంటుంది. యోషీయా ఎనిమిదేళ్లకు రాజై 31 ఏళ్లు ఏలాడు. ఆయన చనిపోయిన కొద్ది నెలలకే రాజైన యెహోయాకీముకు అప్పుడు 25 ఏళ్లు. అంటే తండ్రి బట్టలు చింపుకున్న ఏడాది ఈ పిల్లవాడికి పన్నెండేళ్లు ఉంటాయి. పిన్నలనూ పెద్దలనూ అందరినీ మందిరానికి పిలిచి ఆ గ్రంథమంతా చదివి వినిపించిన రోజు, న్యాయాధిపతుల కాలం నుంచి అలాంటిది జరగలేదని చెప్పే ఆ పస్కా పండుగ, ఇవన్నీ ఊహ తెలిసిన వయసులోనే అతని ముందు జరిగాయి. వాక్యం విని వణికిన తండ్రి ఇంట్లో పెరిగినవాడే వాక్యాన్ని కోశాడు. భక్తిగల ఇంట్లో పుట్టాం, చిన్నప్పటి నుంచీ వాక్యం వింటున్నాం అని ధైర్యంగా ఉన్నవాళ్లు ఈ అధ్యాయాన్ని ఇంకోసారి చదవాలి.

అతను ఎందుకు కోశాడో తెలియాలంటే యిర్మీయా 22వ అధ్యాయం 13 నుంచి చూడాలి. అతను విశాలమైన మేడ కట్టించుకున్నాడు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు. పనివాళ్లకు మాత్రం కూలి ఇవ్వలేదు. ఆ మాట దేవుడు యిర్మీయా నోట చెప్పించి, వెంటనే తండ్రినే గుర్తుచేశాడు: నీ తండ్రి అన్నపానాలకు లోటు లేకుండానే బతికాడు కదా, అయినా దీనుల పక్షాన, దరిద్రుల పక్షాన న్యాయం జరిగించాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా, అని. ఈ ఒక్క ప్రశ్న చాలదూ మన చదువును పరీక్షించడానికి? దేవుణ్ణి తెలుసుకోవడానికే బైబిల్ చదువుతున్నామంటాం. దేవుడేమో ఆ తెలుసుకోవడాన్ని కూలివాడి కూలి దగ్గర చూస్తున్నాడు. ఎగ్గొట్టిన కూలితో కట్టిన మేడలో కూర్చున్నవాడికి వాక్యం చల్లగా ఎలా వినపడుతుంది? ఎవరి చాకు ఏ పుట దగ్గర లేస్తుందో గమనిస్తే, ఆ మనిషి ఏం దాచుకున్నాడో తెలిసిపోతుంది. ఒకరు క్షమాపణ దగ్గర కోస్తారు, ఒకరు డబ్బు దగ్గర, ఒకరు నాలుక దగ్గర.

అసలు రాజుకు ఉన్న ఆజ్ఞ ఇంకొకటి. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం ప్రకారం, సింహాసనం ఎక్కిన రాజు ధర్మశాస్త్రానికి తన కోసం ఒక ప్రతి రాసుకోవాలి, బతికినన్నాళ్లూ దాన్ని చదువుకోవాలి. ఎందుకంటే, అతని హృదయం తన సహోదరుల మీద గర్వించకుండా ఉండడానికి. జ్ఞానం పెరగడానికి అని లేదు, ప్రసంగాలు చెప్పడానికి అని లేదు. రోజూ చదవడానికి అక్కడ చెప్పిన కారణాల్లో నాకు బాగా తగిలేది ఇదే, తోటివాడి కంటే నేను ఎక్కువ అనే ఊహ లోపల పుట్టకుండా ఉండడం. ఎక్కువ చదివామని గర్వించేవాళ్లు ఈ వచనాన్ని ఏ చాకుతో కోశారో మరి.

ఇప్పుడు విశ్వాసం మాట. యోషీయా కథలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది హుల్దా దగ్గరి నుంచి వచ్చిన జవాబు. రాజు ఏడ్చాడు, బట్టలు చింపుకున్నాడు, విచారణకు మనుషులను పంపాడు. వచ్చిన జవాబు ఏమిటి? ఈ స్థలం మీదికి రావలసిన కీడు వస్తుంది. నీ మనసు మెత్తబడింది కాబట్టి అది నీ కళ్లతో నువ్వు చూడవు. అంతే. దేశం తప్పించుకుంటుందని ఒక్క మాట లేదు.

మనకు అలాంటి జవాబు వస్తే ఏం చేస్తాం? "ఇంత ప్రార్థన చేసినా ఫలితం లేదు" అని పుస్తకం మూసేస్తాం. యోషీయా ఆ తర్వాతే 23వ అధ్యాయంలో లేచాడు. గ్రంథమంతా జనానికి చదివించాడు, పూర్ణహృదయంతో నిబంధన చేశాడు, పస్కా ఆచరించాడు. తీర్పు మారదని తెలిశాకే ఇదంతా చేశాడు. లాభం చూసుకునే విశ్వాసం ఇక్కడి దాకా రాదు. వాగ్దాన వచనాలు మాత్రమే ఏరుకుని చదివేవాళ్లకు ఈ అధ్యాయం మింగుడుపడదు.

మా అమ్మ బైబిల్ వరుసగా చదివేది, ఎక్కడా దాటేసేది కాదు. నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆమె వంతు యిర్మీయాలో నడుస్తోంది. చూడటానికి వచ్చిన మా అత్తయ్య, "ఈ టెన్షన్‌లో యిర్మీయా ఏంటి వదినా, మంచి కీర్తన ఏదైనా చదువుకో" అంది. "ఇవాళ్టి వంతు ఇదే" అంది అమ్మ. ఆ రాత్రి 29వ అధ్యాయం, అంటే బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం, చదివి నాతో అన్నమాట: "పదకొండో వచనం అందరూ చెబుతారు, సమాధానకరమైన ఉద్దేశాలని. దాని పైన చూడు, డెబ్బై ఏళ్లు అని ఉంది. ఈ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లు ఇంటికి తిరిగి వెళ్లి ఉండరు కదా. ఆ సంగతి దాచకుండా చెప్పాడు చూశావా. చేదు కూడా దాచకుండా చెప్పే ఆయనే కాబట్టి, మంచి మాట చెప్పినప్పుడు నమ్మొచ్చు." నాన్నగారు మాకు దక్కలేదు. అమ్మ వంతు విలాపవాక్యములలోకి వచ్చింది, వరుసలో తర్వాత వచ్చేది అదే. ఆమె దాన్నీ దాటేయలేదు. వినుట వలన విశ్వాసం కలుగుతుందన్న రోమా పత్రిక మాట నాకు అర్థమైంది ఆ రోజుల్లోనే. చేదు పుటను కోసేసుకున్నవాడి చేతిలో తీపి పుట ఉన్నా, దాని మీద అతనికి నమ్మకం నిలవదు.

రెండవ రాజులు 22, యిర్మీయా 36, ఈ రెండు అధ్యాయాల మధ్య ఒక కుటుంబం నడిచిపోతుంది, అదీ చూడండి. యోషీయాకు గ్రంథం చదివింది షాఫాను. యిర్మీయా 36లో యిర్మీయా లేఖికుడు బారూకు జనానికి చుట్ట చదివింది షాఫాను కొడుకు గెమర్యా గదిలో. విని అధిపతుల దగ్గరికి వెళ్లి చెప్పింది గెమర్యా కొడుకు మీకాయా. రాజు కోస్తుంటే కాల్చవద్దని బతిమాలిన ముగ్గురిలో గెమర్యా ఒకడు. తాత చదివాడు, తండ్రి బతిమాలాడు, మనవడు కబురు మోశాడు. రాజవంశం పోగొట్టుకున్నదాన్ని ఒక లేఖికుడి ఇల్లు నిలబెట్టుకుంది. 1982లో యెరూషలేములోని దావీదు పట్టణపు తవ్వకాల్లో కొన్ని మట్టి ముద్రలు దొరికాయి. వాటిలో ఒకదాని మీద "షాఫాను కుమారుడు గెమర్యా" అనే పేరు ఉంది. బబులోనువాళ్లు పట్టణాన్ని తగలబెట్టినప్పుడు అక్కడి పత్రాలు కాలిపోయాయి, వాటి మట్టి ముద్రలు మాత్రం ఆ మంటకు కాలి గట్టిపడి మిగిలాయి. పుట కాల్చవద్దన్నవాడి పేరు అగ్నిలోనే నిలిచింది. ముద్ర దొరక్కపోయినా నా విశ్వాసానికి ఏమీ కాదు గానీ, ఆ వార్త చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

కాల్చిన చుట్ట సంగతి కూడా 32వ వచనంలో ఉంది. యిర్మీయా ఇంకొక చుట్ట తీసుకున్నాడు, బారూకు మళ్లీ మొదటి నుంచి రాశాడు, అలాంటి మాటలు ఇంకా అనేకం చేరాయి. ఎంత దయ! కోసేసినవాడి కోసం కూడా దేవుడు ఇంకోసారి రాయించాడు. మనం నిన్న దాటేసిన వచనం ఇవాళ ఇంకో పుస్తకంలో, ఇంకొకరి నోట మన ముందుకే రావడం లేదూ? వచ్చినప్పుడు ఈసారైనా చేతిలో చాకు కింద పెట్టండి సహోదరులారా, సహోదరీలారా. మూడు అధ్యాయాలు కాకపోయినా ఫరవాలేదు. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఆగండి, ఆ వచనం మీద వేలు పెట్టి ప్రార్థన చేయండి. లేచి వెళ్లి ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చిరండి, మాట్లాడాల్సిన మనిషితో మాట్లాడిరండి. మిగతా వంతు ఆ తర్వాత చదువుకోవచ్చు.

ఈ రాత్రి కూర్చుని రెండవ రాజులు 22, 23, తర్వాత యిర్మీయా 36, ఆ పైన 22వ అధ్యాయంలో 13 నుంచి 19 దాకా ఒకే వరుసలో పైకి చదవండి. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లలుంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి.