నడుంలో దిగిన గేదెల జబ్బు

నాకొచ్చింది వెన్నుపూసల బ్రూసెల్లా, గొడ్ల నుంచి మనిషికి అంటుకునే జబ్బు. పశువుల డాక్టర్లకు బాగా తెలిసిన జబ్బే. మనుషుల డాక్టర్ల ఆలోచన మాత్రం ఎప్పుడో గానీ అటు పోదు.

మొదట అంతా మామూలు నడుం నొప్పే అన్నారు. కానీ సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారుజామున చెమటకు బనీను తడిసి ముద్దయ్యేది. రాత్రి పక్కకు తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని, పళ్లు బిగించి, ముందు మోకాళ్లు, ఆ తర్వాత నడుం తిప్పాలి.

ఎమ్మారైలో నడుం దగ్గరి ఎల్4, ఎల్5 పూసలూ వాటి మధ్య డిస్కూ చెడినట్టు కనబడింది. మన దగ్గర అలాంటి ఫిల్మ్ చూస్తే ఎవరికైనా ముందు టీబీయే గుర్తొస్తుంది. ఒకచోట ఆ మందులు రాసేశారు కూడా. కొనేలోపు గుంటూరులో ఇంకో డాక్టరుకు చూపించాం. ఆయన ఫిల్మ్ పక్కన పెట్టి, "ఇంట్లో పాడి ఉందాండీ? ఈ మధ్య గేదె ఏదైనా ఈసుకుపోయిందా?" అని అడిగారు.

"పోయిందండీ, చూడి ఏడో నెలలో. మాయ ఈయనే చేత్తో తీశారు," అంది మా ఆవిడ. మా ఊళ్లో ఎవరైనా అలాగే తీస్తారు, గ్లౌజులెక్కడివి?

సూదితో పూసలోంచి ముక్క తీసి పరీక్షిస్తే టీబీ లేదని తేలింది. రక్తంలో బ్రూసెల్లా టైటర్, అంటే ఆ క్రిమి మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీల లెక్క, 1:160 ఉన్నా లెక్కలోకి తీసుకుంటారట, నాది దానికి ఎన్నో రెట్లుంది.

నరాల మీద చీము ఒత్తిడి లేదు, కాళ్లలో బలం ఉంది, కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. డాక్సీసైక్లిన్ రెండు పూటలా, రిఫాంపిసిన్ పరగడుపున, మొదటి వారాల్లో స్ట్రెప్టోమైసిన్ సూదులు. మామూలు బ్రూసెల్లాకు 6 వారాలు చాలు గానీ, పూసలకు పడితే కనీసం 3 నెలలు వాడాలి. వీటిలో రెండు టీబీకి కూడా వాడేవే! టీబీ అనుకుని మందులు మింగినా కొంత గుణం కనబడేదే, అసలు జబ్బు మాత్రం లోపలే దాక్కునేదన్నారు డాక్టరు. నాకు ఒళ్లు జలదరించింది అప్పుడే.

రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తే మా అత్తగారు ఒకటే టెన్షన్. సూదులు వేసినన్నాళ్లూ చెవిలో గుయ్యిమంటోందా అని డాక్టరు అడిగేవారు, ఆ మందుతో వినికిడి పోవచ్చు.

ఇప్పుడు ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్పీ మామూలుకొచ్చింది, నడుం బెల్టు తీసేశాను. పాలు పిండడానికి గొంతుక్కూర్చుంటే మాత్రం ఇంకా పట్టేస్తుంది. ఈ జబ్బు రాకుండా 4 నుంచి 8 నెలల వయసు పెయ్యలకు వేసే టీకా మా దూడకు వేయించాం. ఈసుకుపోయిన గేదెకు పరీక్షలో జబ్బు ఉన్నట్టే వచ్చింది. గొడ్లకు దీనికి వైద్యం చేయరు. సంతలో తోలేయమంటాడు మా బావమరిది. ఎవరి చావిట్లోకి తోలమంటాడు? విడిగా కట్టేసి మేపుతున్నాం, మేత దండగైనా సరే.