ఎర్ర చొక్కా పిల్లాడు

ఆదివారం, రాత్రి

బట్టలుతికి ఆరేయడం, మధ్యాహ్నం కాసేపు కరెంటు పోవడం తప్ప ఈరోజు విశేషాలేం లేవు. సాయంత్రం మా పిన్ని కొడుకు వచ్చాడు. ఏం మాట్లాడుకున్నా చివరికి ‘ఇన్‌సైడ్’ దగ్గరికే వచ్చి ఆగాం. డెన్మార్క్‌లోని ప్లేడెడ్ అనే కంపెనీ వాళ్లు 2016లో తెచ్చిన వీడియో గేమ్ అది. మొత్తం మీద ఒక్క మాట ఉండదు. ఎర్ర చొక్కా పిల్లాడొకడు చీకటి అడవిలో పరిగెత్తుతుంటాడు, అంతే.

“వాడసలు మామూలు పిల్లాడే కాదక్కా” అంటాడు మావాడు. చివర్లో కనిపించే ఆ మాంసపు ముద్ద, తనను విడిపించుకోడానికి వాణ్ణి అంత దూరం నుంచి రప్పించుకుందట. ఆడినవాళ్లలో చాలామంది అనేదీ ఇదే. కొట్టిపారేసే మాట కాదు. పిల్లాడు హెల్మెట్‌లో తల దూరిస్తే, కింద ఉన్న జీవంలేని మనుషులు వాడెటు కదిలితే అటు కదుల్తారు. వాళ్లలో ఒకడు ఇంకో హెల్మెట్ అందుకుంటే, వాడి వెనక ఇంకొందరు. ఈ గొలుసు పిల్లాడి దగ్గరే ఎందుకు ఆగాలి?

నాకు మాత్రం ఆ కవాతు అడ్డొస్తుంది. వాడు ఆ మనుషుల వరసలో దూరి, వాళ్లు నడిస్తే నడవాలి, ఆగితే ఆగాలి, గెంతితే గెంతాలి. ముసుగులేసుకున్న జనం పక్కన నిలబడి చూస్తుంటారు. ఒక్క అడుగు తప్పితే దొరికిపోతాడు. నిజంగా తోలుబొమ్మే అయితే బొమ్మలా నటించాల్సిన అవసరం ఏముంది? పైగా ఆ ఊపిరి! కుక్కలు తరిమాక వాడు రొప్పుతుంటే ఇయర్‌ఫోన్స్‌లో వింటున్న మన గుండె కూడా దడదడలాడుతుంది. ఈ గేమ్‌కి శబ్దాలు కూర్చిన మార్టిన్ స్టిగ్ ఆండర్సన్ నిజమైన మనిషి పుర్రె గుండా శబ్దాలు పంపి రికార్డు చేశాడు. అందుకే కాబోలు, ప్రతిదీ తల లోపల మోగినట్టుంటుంది.

మావాడు ఆఖరి అస్త్రం తీశాడు: రహస్య ముగింపు. గేమ్‌లో అక్కడక్కడా దాచిపెట్టిన గోళాలన్నీ ఆపేస్తే, మొక్కజొన్న చేను కింది నేలమాళిగలో ఒక ప్లగ్ దొరుకుతుంది. అది పీకగానే దీపాలు ఆరిపోతాయి, పిల్లాడు తల వేలాడేసి ఆ మనుషుల్లాగే ఉండిపోతాడు. “చూశావా?” అన్నాడు.

చూశాను. కానీ ఆ ముద్దే ఆడిస్తుంటే, తన పట్టు తెగ్గొట్టే ప్లగ్ దాకా వాణ్ణి ఎందుకు పోనిస్తుంది? పీకింది వాడేనని నా నమ్మకం. ఏమవుతుందో తెలిసే పీకాడని కూడా.

మావాడు ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం లాప్‌టాప్ తెస్తాడట, మొదట్నుంచి ఇద్దరం కలిసి ఆడదామన్నాను.