జహీరాబాద్ దారిలో, అమ్మలు నిలబెట్టిన బడి

గుంటూరు జిల్లాలో మిరప కోతలు మొదలయ్యాయంటే మా బడిలో ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు ఒక్కొక్కరే కనిపించకుండా పోతారు. వాళ్ళు కోతకు వెళ్ళారని చాలామంది అనుకుంటారు. అలా వెళ్ళేది కొందరే. తల్లి తెల్లవారక ముందే ఆటో ఎక్కి కోతకు పోతే ఇంట్లో చంటిపిల్లను చూసుకునేది ఎవరు? పదకొండేళ్ళ అక్క చూసుకుంటుంది. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదురుగా వరసగా సున్నాలు పడతాయి. ఎన్నో ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన నాకు పాఠ్యపుస్తకం కన్నా ఆ సున్నాలే ఎక్కువ బాధ కలిగించాయి. అందుకే ఉమ్మడి మెదక్ జిల్లాలో దళిత స్త్రీలు, వాళ్ళలో చాలామందికి చదువు లేకపోయినా, ఊరూరా సంఘాలు కట్టి పిల్లల చదువును భుజాన వేసుకున్నారని విన్నప్పుడు స్వయంగా వెళ్ళి చూడాలనిపించింది. 2017 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిపోయిన తర్వాత వెళ్ళాను. హైదరాబాద్‌లో ఉంటున్న మా ఆడపడుచు తోడు వచ్చింది.

ముంబై జాతీయ రహదారి మీద పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట దాటేదాకా చెప్పుకోదగిన దృశ్యం పెద్దగా లేదు. ఆ తర్వాత నేల విచ్చుకుంటుంది. ఒక పక్క ఎర్రటి గరప నేల, దాన్ని దాటగానే నల్లరేగడి. జహీరాబాద్ చుట్టుపక్కల నీటి వసతి ఉన్నవాళ్ళు చెరకు, అల్లం వేస్తారు. చెరకు ట్రాక్టర్లు వెళ్ళాక రోడ్డంతా పిప్పి పరిచినట్టు ఉంది. ఝరాసంగం వైపు తిరిగాక చెరకు తగ్గి జొన్న కనిపించింది. ఒకే మడిలో జొన్న, శనగ, కుసుమ, అక్కడక్కడ అవిసె. ఎక్కడా బోరు చప్పుడు లేదు. ఇవి మంచుకే పండుతాయని, వీటిని సత్యం పంటలంటారని ఆటో నడిపే అబ్బాయి చెప్పాడు. చలికాలపు మంచును, భూమిలో మిగిలిన తేమను నమ్ముకుని ఎరువూ నీళ్ళూ పెట్టకుండా పండిస్తారట.

ఈ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన పి.వి.సతీష్ గారు దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆయన 2023 మార్చిలో మరణించారు. జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్‌లో సొసైటీ కార్యాలయం ఉన్నా దాని ప్రాణం ఊళ్ళలోని సంఘాలలో ఉంది. దాదాపు 75 ఊళ్ళలో సుమారు 5,000 మంది స్త్రీలు. ఎక్కువమంది దళితులు. ఎకరం, రెండెకరాల చెలక ఉన్నవాళ్ళు, అదీ లేనివాళ్ళు. పగలంతా చేలో ఉండి, రాత్రి వంట అయ్యాక సంఘం గదిలో కూర్చునేవాళ్ళు. వీళ్ళు విత్తనాలు కాపాడిన సంగతి దేశానికి కొంత తెలుసు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ కూడా ఈ పనికే వచ్చింది. చదువు కోసం వీళ్ళు పడిన పాటు గురించి మాత్రం తక్కువ రాశారు. నాకు ముఖ్యం అదే.

మొదట ఒక ఊళ్ళో బాల్వాడీకి తీసుకువెళ్ళారు. అలికిన నేల, మూలన నీళ్ళ కుండ, గోడకు పిల్లల ఎత్తుకు తగ్గట్టు గీసిన బొమ్మలు. సంఘం సభ్యురాలే పిల్లలను చూసుకుంటోంది. ఒక పిల్ల ఆమె ఒడిలో నిద్రపోతుండగా మరో చేత్తో ఇంకో పిల్లవాడికి సజ్జ రొట్టె తునకలు పెడుతోంది. తల్లులు పొద్దున పనికి వెళ్తూ ఇక్కడ దింపిపోతారు, పొద్దు వాలాక వచ్చి తీసుకుపోతారు.

"వీళ్ళ అక్కలు ఎక్కడున్నారమ్మా?" అని అడిగాను.

"బడికి పోయారు. ఇది పెట్టిందే అందుకోసం కదా!" అంది ఆమె, ఇంత తెలిసిన సంగతి అడుగుతానేమిటి అన్నట్టు.

నాకు కళ్ళు చెమర్చాయి. బాలికా విద్య గురించి నేను విన్న శిక్షణ ఉపన్యాసాలకు లెక్కలేదు. సైకిళ్ళు, ఉపకార వేతనాలు, పోస్టర్లు, నినాదాలు అన్నీ మంచివే. కానీ చెల్లెలిని ఎత్తుకుని గడపలో నిలబడిన పిల్ల చేతుల్లోంచి ఆ చెల్లెలిని ఎవరు దించుతారన్న ప్రశ్న దగ్గర మా శిక్షణలు ఎప్పుడూ ఆగలేదు. ఇక్కడి స్త్రీలు మొదలుపెట్టిందే అక్కడినుంచి. వాళ్ళంతా ఒకప్పుడు ఆ గడపలో నిలబడిన అక్కలే కాబట్టి జవాబు కోసం ఎక్కడా వెతుక్కోవలసిన పని లేకపోయింది.

అక్కడినుంచి మాచునూర్ వెళ్ళాం. పచ్చసాలె అనే బడి ఉన్నది ఇక్కడే. 1990లలో ఈ బడి మొదలైనప్పుడు వచ్చిన పిల్లలు పలక పట్టవలసిన వయసులో పశువులు కాసినవాళ్ళు, ఊరి భూస్వాములైన పటేళ్ళ ఇళ్ళల్లో పాలేర్లుగా జీతానికి ఉన్నవాళ్ళు, ఒకటి రెండు తరగతులు చదివి మానేసినవాళ్ళు. అప్పు తీర్చడానికి కొడుకును జీతానికి పెట్టడం ఈ ప్రాంతంలో అప్పట్లో మామూలు సంగతి. పిల్లవాడిని బడికి పంపమని బయటినుంచి వచ్చినవారు చెప్పడం వేరు, "నా కొడుకును పంపాను, నీ కొడుకును కూడా పంపు" అని పక్కింటి ఆమె వచ్చి కూర్చోవడం వేరు. సంఘం స్త్రీలు చేసింది ఈ రెండో పని.

పచ్చసాలె పిల్లలు తెలుగు, లెక్కలు, సైన్సు అందరిలాగే చదువుతారు, పదో తరగతి పరీక్షలు అందరిలాగే రాస్తారు. వాటితో పాటు వ్యవసాయం, వడ్రంగం, కుండలు చేయడం, కుట్టుపని, పుస్తకాలు కుట్టడం, మూలికా వైద్యం వంటి పనులు నేర్చుకుంటారు. ఆ పనులు తెలిసినవాళ్ళే నేర్పుతారు. నేను వెళ్ళినప్పుడు చెట్టు కింద పిల్లల మధ్య ఒక పెద్దామె కూర్చుని ఉంది. ముందు చేటలో రకరకాల గింజలు, పక్కన సోల, తవ్వ, మానిక. గిద్దలు నాలుగైతే సోల, సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక అని కొలిచి చూపిస్తోంది. పిల్లలు నోట్‌బుక్కుల్లో భిన్నాలు వేస్తున్నారు. మానికలో సోల ఎంత భాగమో ఒక పాప ఠక్కున చెప్పింది. నాలుగో వంతు. మా ఏడో తరగతిలో ఆ ప్రశ్నకు అంత వేగంగా జవాబు రాదు. తర్వాత ఆ పెద్దామె కళ్ళు మూసుకుని గింజలు తడిమి ఏది కొర్రో ఏది సామో చెప్పమంది. పిల్లల కన్నా ముందు మా ఆడపడుచు చెయ్యి పెట్టి తప్పు చెప్పింది, పిల్లలు పడీపడీ నవ్వారు.

అమ్మానాన్నల పని గురించి రాయమంటే మా తరగతిలో పిల్లలు తలవంచుకుంటారు. 'కూలి' అన్న రెండక్షరాలు రాయడానికి పెన్ను కదలదు. రాసినా చేత్తో మూసి పెడతారు. ఆ సిగ్గును వాళ్ళకు అంటించింది మా బడే అని నా నమ్మకం. ఏ పాఠంలోనూ వాళ్ళ అమ్మ కనిపించదు. కనిపించినా ఒక వాక్యంలో, ఎవరో జాలిపడుతుంటే కనిపిస్తుంది. మాచునూర్‌లో ఆ పెద్దామె మనవడు కూడా అదే గుంపులో కూర్చున్నాడు. మా నాయనమ్మ అని నాకు తనే వచ్చి చూపించాడు. ఒక బడి పిల్లవాడికి ఇవ్వగలిగినదాంట్లో ఇంతకన్నా పెద్దది నాకు తెలియదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. పక్కన గిన్నెలో తుమ్మికూర. ఎవరూ విత్తకుండా చేలో దానంతట అదే మొలిచే కూరల పేర్లు వరసగా చెబుతుంటే నేను రాసుకోలేక ఊరుకున్నాను.

తిన్నాక సంగం రేడియో చూశాం. ఊరివాళ్ళు సంఘాన్ని సంగం అనే పలుకుతారు, రేడియో పేరు కూడా అలాగే పెట్టుకున్నారు. యునెస్కో సాయంతో 1990ల చివర్లో దీనికి పునాది పడింది. అయితే ప్రసారానికి అనుమతి లేదు. అందుకని ఏళ్ళ తరబడి ఈ స్త్రీలు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకుని ఊరూరా సంఘం సమావేశాల్లో వినిపించారు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవడానికి దారి తెరుచుకుంది. చివరికి 2008 అక్టోబర్ 15న 90.4 ఎఫ్.ఎం. మీద సంగం రేడియో మొదలైంది. ఆ 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి.సావంత్ గారే వచ్చి ప్రారంభించారు. దీన్ని నడిపించిన ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. జనరల్ నర్సమ్మ చదువుకున్నది పచ్చసాలెలోనే. పశువుల వెంట పోవలసిన పిల్లలకోసం పెట్టిన బడిలో చదివిన అమ్మాయి దేశంలో పేరున్న రేడియోను నడిపిందంటే, ఆ బడి ఏం చేసిందో వేరే ఎవరూ లెక్కగట్టనక్కరలేదు.

రేడియో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా వస్తుంది. ఆడవాళ్ళు పొలం నుంచి వచ్చి పొయ్యి ముందు కూర్చునే సమయం అది. విత్తనాల ముచ్చట్లు, పశువుల జబ్బులు, పిల్లల కథలు, పండుగ పాటలు. పాడేదీ చెప్పేదీ ఊళ్ళవాళ్ళే.

ఇక్కడి స్త్రీలు కెమెరా నేర్చుకున్న తీరు కూడా నన్ను పట్టేసింది. ఇంగ్లీషు పేర్లు వాళ్ళకు పనికిరాలేదు. పైనుంచి కిందికి చూసే దృశ్యానికి పటేల్ షాట్ అని పేరు పెట్టుకున్నారు, మేడ మీదినుంచి పటేలు చూసే చూపు అది. కిందినుంచి పైకి చూసేది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెడితే అది సంగం షాట్, సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు కాబట్టి. ఎంతకాలం చదివిస్తే ఒక విద్యార్థికి ఇంత స్పష్టంగా ఆలోచించడం వస్తుంది?

రాత్రి ఒక ఊరి సంఘం సమావేశానికి కూర్చోనిచ్చారు. చాప మీద ఇరవై మందికి పైగా స్త్రీలు, తలుపు దగ్గర ఒకరిద్దరు కోడళ్ళు పిల్లలతో. పొదుపు లెక్కలు, విత్తనం తీసుకుని ఇంకా తిరిగి ఇవ్వనివాళ్ళ సంగతి త్వరగా తేల్చేశారు. ఆ తర్వాత ఒక అమ్మాయి విషయం వచ్చింది. తొమ్మిదో తరగతి. కర్ణాటక వైపు నుంచి సంబంధం వచ్చిందట, మేనరికమే. కట్నం వద్దన్నారని తండ్రి ఒప్పేసుకున్నాడు. తల్లి అక్కడే కూర్చుని ఉంది, నోరు విప్పలేదు.

"ఇంకా ఏడాదైతే పది అయిపోతుంది. ఏడాది ఆగలేని పిల్లవాడు రేపు దాన్నేం చూసుకుంటాడు?" అని ఒకామె అంది.

"ఆగుతామంటున్నారక్కా, మా ఇంటాయనే తొందరపడుతున్నాడు" అని తల్లి అప్పుడు మెల్లగా చెప్పింది.

"అయితే మీ ఆయనతో మేం మాట్లాడతాం. నువ్వు పక్కన ఉండు చాలు."

ఎవరెవరు వెళ్ళాలో అక్కడే నిర్ణయమైంది. ఆయనకు వరసకు అత్త అయ్యే ఒక పెద్దావిడ, ఆయన చెల్లెలు, పదో తరగతి దాకా చదివి బాల్వాడీలో పనిచేస్తున్న ఒక అమ్మాయి. చట్టం పేరు కూడా ఎత్తారు. అది చివరికి వాడుకుందామని పక్కన పెట్టారు. పరీక్ష ఫీజు కట్టవలసి వస్తే సంఘం డబ్బు నుంచి ఇచ్చి తర్వాత తీసుకుందామన్నారు. ఇదంతా జరగడానికి టీ తాగినంత సేపు పట్టింది. మా బడిలో ఇలాంటి అమ్మాయి కోసం నేను మండల కార్యాలయానికి ఉత్తరం రాసి జవాబు కోసం చూస్తూ ఉండేదాన్ని. ఆ ఉత్తరం కదిలేలోపు పెళ్ళి పత్రిక చేతికి వచ్చేది. ఊళ్ళోనే, ఆ తండ్రి ముఖం రోజూ చూసేవాళ్ళ మాటకు ఉన్న బలం కాగితానికి లేదు. నెల దాటాక ఫోను చేసి అడిగాను. పెళ్ళి మాట వాయిదా పడింది, అమ్మాయి బడికి వెళ్తోంది.

మరునాడు పాత పంటల జాతర ఆ దారిన వచ్చింది. సంక్రాంతికి బయలుదేరిన ఎడ్లబండ్లు ఫిబ్రవరి నడిమి దాకా ఊరూరా తిరుగుతాయి. బండ్ల నిండా చిరుధాన్యాల, పప్పుల విత్తనాల బుట్టలు, ముందు డప్పులు. పచ్చసాలె పిల్లలు పాటలు పాడుతూ వెంట నడిచారు. మేం రెండో ఊరి దాకా నడిచి, ఎండ ముదిరాక ఆటో ఎక్కాం.

వెళ్ళాలనుకునేవారికి కొన్ని మాటలు. హైదరాబాద్ నుంచి జహీరాబాద్‌కు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోను, లింగంపల్లి, పటాన్‌చెరు దగ్గర కూడా బస్సులు దొరుకుతాయి. దాదాపు మూడు గంటల ప్రయాణం. అక్కడినుంచి ఊళ్ళకు ఆటోలే దిక్కు. నేరుగా ఊళ్ళోకి దిగకుండా పస్తాపూర్‌లోని సొసైటీ వారితో ముందే మాట్లాడుకుని వెళ్ళండి. కోతలు, విత్తనాల రోజుల్లో పగటిపూట ఎవరూ తీరికగా ఉండరు. సమావేశం చూడాలంటే రాత్రి ఉండిపోవాలి, అందుకు సిద్ధపడి వెళ్ళండి. ఫొటో తీసేముందు అడగండి, కెమెరా పట్టడం మనకన్నా బాగా తెలిసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. పిల్లలకు బిస్కెట్లు, చాక్లెట్లు తీసుకువెళ్ళవద్దు. మంచి బొమ్మల పుస్తకాలు తీసుకువెళ్తే బాల్వాడీలో పనికొస్తాయి. మీరు టీచరైతే మీ హెడ్మాస్టరును కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి.