ప్రూఫు ప్రతి, అచ్చుప్రతి: ఒకే ఫైలు

పానగల్లులోని ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాల మీద రాసుకున్న వ్యాసాలను పుస్తకంగా తేవాలని, నల్లగొండలో మా ఇంట్లోనే, ఆదేశాలు రాసి పేజీలు కూర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూర్పు చేస్తున్నాను. తెలుగు యూనికోడ్ ఫాంట్లు నేరుగా పనిచేస్తాయి కనుక లేటెక్‌ను నడిపే ఇంజన్లలో జీటెక్‌ను ఎంచుకున్నాను. శాసనపాఠాలతో పని కాబట్టి సందేహాలు తెగవు. ఈ అక్షరం మళ్లీ చూడాలి, ఈ ఫొటో మార్చాలి అంటూ పేజీ అంచున ఎర్రటి గమనికలు పెట్టుకుంటాను. అవి ప్రూఫులో కనిపించాలి, అచ్చులో కనిపించకూడదు.

మొదట్లో ప్రెస్సుకు పంపే ముందు ఒక్కో గమనిక ముందు శాతం గుర్తు పెట్టి దాచేవాణ్ని. ఒకసారి రెండు గమనికలు నా కంటపడలేదు. నమూనా కాపీలో ‘సరిచూడాలి’ అన్న మాట అంచున ఎర్రగా అచ్చయి వచ్చింది. ఆ రోజు చాలా బాధపడి, ఆ పనిని ఫైలు మొదట్లో రాసిన, ప్రూఫైతే గమనికలు చూపి అచ్చైతే దాచే ఒక షరతుకు అప్పగించాను.

లేటెక్‌లో ‘డ్రాఫ్ట్’ అనే ఆప్షన్ ఉంది. అది కుడి అంచు దాటిన పంక్తుల పక్కన నల్లటి గుర్తు వేస్తుంది. పొడవైన సమాసాలున్న మన భాషకు ఇది ఎంతో మేలు. బొమ్మల స్థానంలో అంతే కొలతల చట్రం చూపిస్తుంది కనుక పేజీ కదలదు. అయితే మొత్తం పత్రానికి ఈ ఆప్షన్ ఇస్తే అది అన్ని ప్యాకేజీలకూ (లేటెక్‌కు జోడించుకునే అదనపు సాధనాలకు) చేరుతుంది, పంక్తులను సన్నగా సర్దే మైక్రోటైప్ ప్యాకేజీ తన సర్దుబాట్లను ఆపేస్తుంది, పంక్తులు వేరేచోట విరగవచ్చు. అందుకే దాన్ని బొమ్మల ప్యాకేజీకి మాత్రమే ఇచ్చి, నల్లగుర్తును విడిగా పెట్టుకున్నాను.

నన్ను ఎక్కువ కష్టపెట్టింది ఖాళీ జాగా. అంచు గమనిక ఇచ్చే ఆదేశం తనకు రెండువైపులా ఉన్న ఖాళీలను ఒక్కటిగా సర్దుకుంటుంది. అచ్చుప్రతి కోసం నేను రాసిన ఏమీ చేయని ఆదేశం ఆ పని చేయదు. దాంతో గమనిక మాయమైన ప్రతిచోటా మాటల మధ్య రెండు ఖాళీలు మిగిలి, పేరాలు మారిపోయేవి. ఆ సర్దుబాటును రెండు రూపాల్లోనూ ఉంచాక గానీ కుదురుకోలేదు.

షరతును ఫైల్లో మార్చను. ప్రూఫు కావాలన్నప్పుడు మాత్రమే ఆజ్ఞాపంక్తిలో (కమాండ్ లైన్‌లో) చెబుతాను, చెప్పకపోతే అచ్చుప్రతే తయారవుతుంది. పంపే ముందు రెండింటి పేజీల సంఖ్యతో పాటు, ప్రతి అధ్యాయంలో చివరి పంక్తి ఎక్కడ ముగిసిందో కూడా పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.