పాడేరు కొండల్లో ఆకుల వేట

మా మేనకోడలు విశాఖలో ఫార్మసీ పీహెచ్‌డీ చేస్తోంది. ఏజెన్సీలో వాడే మందు మొక్కల్లో క్యాన్సర్ కణాల మీద పనిచేసేవి ఏమైనా ఉన్నాయేమో వెతకడం దాని పని. కారు నాది కాబట్టి డ్రైవర్‌నీ నేనే. చోడవరం, మాడుగుల మీదుగా బయల్దేరాం, మాడుగులలో హల్వా కొననిదే ఘాట్ ఎక్కేది లేదని ముందే చెప్పేశాను.

"అక్కడ క్యాన్సర్ మాట ఎత్తకు మావయ్యా" అంది దారిలో. గడ్డలకీ, ఎన్నాళ్ళైనా మానని పుండ్లకీ ఏం వాడతారో అడగాలట. జనం ఒకందుకు వాడిన మొక్క ల్యాబ్‌లో ఇంకొకందుకు పనికిరావచ్చు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు సంగతి అంతే కదా, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ షుగర్‌కి మందవుతుందేమోనని పరీక్షిస్తే షుగర్ తగ్గలేదు గానీ ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి, అక్కడి నుంచే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చింది. అదే మొక్కలో తర్వాత దొరికిన విన్‌క్రిస్టిన్‌ని పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇప్పటికీ ఇస్తున్నారు.

పాడేరు దాటాక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియం, నీడన కాఫీ. అటవీ శాఖ అనుమతి కాగితాలు చేత్తో పట్టుకుని ఒక ఊళ్ళో పసరు మందులిచ్చే తాతని కలిశాం. ముందు నల్లజీడి చెట్టు చూపించి, "పిక్క ముట్టుకోకు బాబూ, బొబ్బలెక్కిపోద్ది" అన్నాడు. చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టేది ఆ జీడితోనే. శుద్ధి చెయ్యకుండా ఎవరికీ ఇవ్వడట. ఇంకో చెట్టుకి బెరడు తీసినప్పుడు ఒక పక్కన అరచెయ్యంత చెక్కి ఆపేశాడు, చుట్టూ తీస్తే చెట్టు చచ్చిపోతుందని. టాక్సాల్ అనే క్యాన్సర్ మందు కోసం అమెరికాలో యూ చెట్ల బెరడంతా ఒలిచి వాటిని చంపుకున్నారు, అది గుర్తొచ్చింది.

అసలు కష్టం లాడ్జిలో. పూతతో ఉన్న రెమ్మలని పాత పేపర్ల మధ్య నొక్కాలి, పూవు లేకపోతే ఏ జాతో తేల్చడం కష్టమట. బయట వాన, పేపర్లు రోజూ మార్చకపోతే బూజు. ఫ్యానంతా ఆకులకే, మాకు దోమలు.

తర్వాత ల్యాబ్‌కీ వెళ్ళి చూశాను. మిథనాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని 96 గుంటల పలకలో పెరుగుతున్న క్యాన్సర్ కణాల మీద వేసి, ఆ తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మార్చేస్తాయి, చచ్చినవి మార్చలేవు. కొన్ని మొక్కల సారాలు కణాలే లేకపోయినా వాటంతటవే రంగు మార్చేస్తాయి, అందుకని కణాల్లేని గుంటలు కూడా పెట్టాలి. ఈ సంగతి పట్టించుకోని పరిశోధన పేపర్లు బోలెడున్నాయని తిట్టుకుంటోంది.

తాత చెక్కిన బెరడు వేసిన గుంటలు పసుపుగానే ఉండిపోయాయి. నేను పార్టీ అడిగాను. "ఆగు మావయ్యా, మామూలు కణాల మీద కూడా చూడాలి" అంది. చూస్తే అవీ చచ్చాయి, దాన్ని పక్కన పెట్టేసింది.

ఇప్పుడు చేతిలో మిగిలింది ఒక తీగ. పేరు రాయొద్దంది, రాస్తే రేపటికల్లా జనం కషాయం కాచుకుని తాగుతారని దాని భయం, భయపడ్డంలో తప్పులేదు. సారాన్ని భాగాలుగా విడగొట్టాలంటే ఉన్న ఎండుటాకు చాలదట, వానలు తగ్గాక మళ్ళీ పాడేరు.