‘హార్డ్’కు ఎదురుమాట ఏది?

పొదిలిలో మా బడిలో ఇంగ్లీషు చెప్పిన మాస్టారు విశేషణాల పాఠంలో ఎక్కువ రోజులు ఆగింది ‘హార్డ్’ అన్న చిన్న మాట దగ్గర. గైడులో దానికి ‘గట్టి’ అని ఒక్క ముక్క ఉండేది. ఆయన మాత్రం అర్థం రాసుకోనిచ్చేవారు కాదు. ఆ విశేషణం ఏ నామవాచకం పక్కన చేరిందో చూసి, అక్కడ దానికి ఎదురుమాట చెప్పమనేవారు. రాయి పక్కన ఉంటే ‘సాఫ్ట్’, లెక్క పక్కన ఉంటే ‘ఈజీ’, చలికాలం పక్కన ఉంటే ‘మైల్డ్’. ఎదురుమాట మారిందంటే అర్థం మారినట్టే.

ఒకనాడు బంగారు చుక్కల చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కను బల్ల మీద పెట్టి మేకుతో గీయించారు. రాతి మీద గీత పడలేదు సరికదా, మేకు ఇనుమే అరిగి బూడిదరంగు చారగా అంటుకుంది. వేలితో తుడిస్తే పోయింది. ఖనిజాల విషయంలో ఈ మాటకు అర్థం గీత పడకపోవడమే కాని పగలకపోవడం కాదని, 1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఏర్పరచిన కొలమానంలో 10వ మెట్టున ఉన్న వజ్రం కూడా సుత్తిదెబ్బకు పగులుతుందని అప్పుడే విన్నాము.

‘హార్డ్ వాటర్’ను మనకు ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు. బోరు నీళ్లలో సబ్బు నురగ రాక తెట్టు కట్టడం, కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు మిగలడం, కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు పేరుకోవడం ఇంట్లో రోజూ చూసేవే. కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే ఆ గుణాన్ని సామాన్యశాస్త్రం పుస్తకం ‘కాఠిన్యం’ అన్నది. ఆ పాఠమూ ఈ మాటా ఒకటేనని కలిపి చూపింది ఇంగ్లీషు మాస్టారే.

మన ‘గట్టి’కీ దానికీ పొత్తు కుదిరే చోట్లు ఉన్నాయి. వాన గట్టిగా కురిసిందన్నా, గట్టిగా కొట్టాడన్నా ఇంగ్లీషులోనూ ‘హార్డ్’ సరిపోతుంది. గట్టిగా మాట్లాడమనడానికి మాత్రం ‘లౌడ్’ కావాలి. గట్టివాడు అంటే మనకు సమర్థుడు. ‘హార్డ్ మ్యాన్’ అంటే కరకువాడు. ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’ అంటే సరిగా వినిపించనివారు. ఇక ‘హార్డ్‌లీ’ దారే వేరు: ‘వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాడని, ‘హార్డ్‌లీ వర్క్స్’ అంటే దాదాపు ఏ పనీ చేయడని. ఆ మాటలోనే లేమి ఉన్నది కనుక పక్కన మళ్లీ ‘నాట్’ చేర్చకూడదు.

ఒంగోలులో కోర్టు కాగితాల అనువాదంలో స్థిరపడిన నాకు ఆ పద్ధతి నేటికీ అన్నం పెడుతున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 53వ సెక్షన్ కారాగార శిక్షను రెండు రకాలుగా విభజించి, కఠిన కారాగారం అంటే ‘హార్డ్ లేబర్’తో కూడినదని చెప్పింది. దానికి ఎదురుగా నిలిపినది తేలికపాటి పని కాదు, సాధారణ కారాగారం. ఆ జంటను చూసిన తరువాతే అక్కడ ‘కష్టమైన పని’ అని కాక ‘కఠిన శ్రమ’ అని రాస్తాను.